మఠంలో చేరే అమ్మాయికి ఎం.ఎస్సీ. ఎందుకు అంటున్నారు: మెక్సికో సిస్టర్ హువానా సంగతి తెలిసినవారు చెప్పగలరా?

కందుకూరు పంతులమ్మ:

అందరికీ నమస్కారం. కందుకూరు దగ్గర ఒక ఊళ్లో ముప్పై రెండేళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేసి కిందటేడు పదవీ విరమణ చేశాను. మాది కతోలిక కుటుంబం. ఇంట్లో ఒక తగువు నడుస్తోంది. అది తీరాలంటే నాకు ఒక విషయం సరిగ్గా తెలియాలి.

మా చెల్లెలి కూతురు కావలిలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తి చేసింది. పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. మఠంలో చేరతానని తొమ్మిదో తరగతి నుంచి చెబుతూనే ఉంది. ఎం.ఎస్సీ. చదివి అప్పుడు చేరతానంటోంది ఇప్పుడు. మా మరిది చదువుకూ అడ్డు చెప్పేవాడు కాదు, మఠానికీ అడ్డు చెప్పేవాడు కాదు. రెండూ కలిపి అడిగేసరికి ఆయనకు మింగుడు పడలేదు. "మఠానికి పోయే పిల్లకు ఎం.ఎస్సీ. ఎందుకు వదినా? చేతిలో జపమాల ఉంటే చాలదా? చదువే కావాలంటే చదివి పెళ్లి చేసుకోమనండి" అన్నాడు. ఆయన మంచివాడే. నాలుగెకరాల పొగాకు, ఒక బ్యారన్ (ఆకు కాల్చే కొట్టు) మీద ఇద్దరు పిల్లలను ఇంతదాకా చదివించాడు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్లు నిద్ర కూడా బ్యారన్ దగ్గరే.

అసలు చిక్కు మొన్నటి తపస్సుకాలంలో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో వచ్చింది. ఒక ధ్యానకూటంలో ప్రసంగించిన పెద్దమనిషి, "పూర్వం మెక్సికోలో హువానా అనే కన్యస్త్రీ ఉండేది, మహా పండితురాలు, చివరికి పుస్తకాలన్నీ వదిలేసి పశ్చాత్తాపపడ్డాకే ఆమెకు శాంతి దొరికింది" అని చెప్పాడు. మా మరిది ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. పిల్ల ఏమన్నా "హువానమ్మ ఏం చేసిందో విన్నావుగా" అంటున్నాడు.

మా అమ్మ పొగాకు గ్రేడింగుకు పోయేది. జీవితమంతా వేలిముద్రే. అయినా నన్ను బడికి పంపింది. అందుకని ఈ మాటను నేను తేలిగ్గా వదిలేయలేకపోతున్నాను. ఆ కన్యస్త్రీ నిజంగా చదువును పాపమనుకుందా? చదువు గురించి, భక్తి గురించి తన నోటితో తాను ఏమంది? ఎవరో చెప్పింది కాకుండా ఆమె రాసింది చదివినవారు ఉంటే చెప్పండి.

ఒంగోలు సిస్టర్:

టీచరమ్మ గారూ, మీ ప్రశ్న రాత్రి చూశాను. పొద్దున పూజ అయ్యాక కూర్చుని రాస్తున్నాను. నేను మఠంలో చేరి ముప్పై ఏళ్లు దాటింది. మా బడుల్లో భౌతికశాస్త్రం చెబుతాను. హువానా రాసిన పెద్ద ఉత్తరాన్ని ఇంగ్లీషు అనువాదంలో నాలుగైదు సార్లు చదివాను. అందులోంచే చెబుతాను.

ఆమె పేరు సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్. స్పానిష్‌లో సోర్ అంటే సిస్టర్ అనే. మెక్సికో నగరానికి దూరంగా నెపాంత్లా అనే పల్లెలో పుట్టింది. పుట్టిన ఏడు 1648 అని కొందరు, 1651 అని కొందరు అంటారు. మీ అమ్మగారి మాట చదవగానే నాకు హువానా తల్లి గుర్తుకు వచ్చింది. ఆమెకూ సంతకం రాదు. అయినా పానోయాన్ అనే చోట పెద్ద వ్యవసాయ క్షేత్రాన్ని ఏళ్ల తరబడి తానే నడిపింది. ఆ ఇంట్లో ఉన్న తాతగారి పుస్తకాలే హువానాకు మొదటి బడి.

నిజానికి అంతకు ముందే ఒక బడి ఉంది. మూడేళ్ల వయసులో అక్క వెంట పంతులమ్మ దగ్గరికి వెళ్లి, "నాకూ చదువు చెప్పమని మా అమ్మ చెప్పింది" అని అబద్ధమాడింది. పంతులమ్మ నమ్మలేదు, కానీ ముచ్చటపడి నేర్పింది. తల్లికి తెలిసే వేళకు పిల్లకు చదవడం వచ్చేసింది. చీజు తింటే బుద్ధి మందగిస్తుందని ఎవరో అంటే, ఎంతో ఇష్టమైన చీజు తినడం మానేసింది. నగరంలో విశ్వవిద్యాలయం ఉందని విని, మగపిల్లవాడి బట్టలు వేసి పంపమని తల్లిని వేధించింది. లాటిన్ నేర్చుకునేటప్పుడు జుట్టు కొన్ని వేళ్ల పొడవున కత్తిరించుకుని, అది మళ్లీ పెరిగేలోగా అనుకున్న పాఠం రాకపోతే ఇంకోసారి కత్తిరించుకునేది. విద్య లేని తలకు జుట్టు అలంకారం ఎందుకు అని ఆమె లెక్క.

మఠంలో ఎందుకు చేరిందో దాచలేదు. పెళ్లి మీద బొత్తిగా మనసు లేదనీ, తన ఆత్మ రక్షణకు మఠమే తగిన చోటనీ రాసింది. ఒంటరిగా పుస్తకాలతో బతకాలని ఉందని కూడా అదే నోటితో చెప్పింది. మొదట 1667లో కార్మెల్ మఠంలో చేరింది, అక్కడ నిలవలేకపోయింది. 1669లో పునీత జెరోము పేరు మీద ఉన్న మఠంలో మాటపట్టు (కన్యస్త్రీగా చేసే ప్రమాణం) ఇచ్చింది. చివరిదాకా అక్కడే ఉంది. చదువుకు గురువూ లేడు, తోటి విద్యార్థులూ లేరు. మాట్లాడని పుస్తకమే తనకు గురువు, సిరాబుడ్డే సహపాఠి అని రాసుకుంది. ఆ వాక్యం దగ్గర నాకు ప్రతిసారీ కన్ను చెమరుస్తుంది.

మీ మరిదిగారికి చెప్పవలసిన ఘట్టం ఒకటి ఉంది. ఒకసారి మఠంలో ఒక మదర్ గారు, చాలా భక్తురాలు, చాలా అమాయకురాలు, చదవడం మత విచారణ న్యాయస్థానం దాకా పోయే నేరమని భయపడి, పుస్తకం ముట్టవద్దని ఆజ్ఞాపించారు. హువానా ఎదురు చెప్పలేదు. ఆ మదర్ గారి పెత్తనం సాగిన మూడు నెలలూ పుస్తకం పట్టలేదు. విధేయత అనే మాటపట్టు ఆమె తప్పలేదు. కానీ చదవకుండా ఉండడం తన చేతిలో లేదంది. దేవుడు చేసిన వస్తువులన్నీ అక్షరాలయ్యాయి, ఈ సృష్టి యంత్రమంతా పుస్తకమయింది. పెద్ద పడకగదిలో నడుస్తుంటే దూలాలు దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నట్టు కనిపించేవి. అలా ఎందుకు కనిపిస్తాయని ఆలోచించింది. ఇద్దరు ఆడపిల్లలు బొంగరం తిప్పుతుంటే నేల మీద పిండి చల్లించి, బొంగరం ఎలాంటి గీత గీస్తుందో చూసింది. వేగం తగ్గేకొద్దీ అది గుండ్రటి వలయం కాకుండా చుట్లు చుట్లుగా తిరుగుతోందని తేల్చింది. నేను ఎనిమిదో తరగతి పిల్లల చేత ముగ్గుపిండితో ఈ ప్రయోగం చేయించాను. మీరూ చేయించి చూడండి.

వంటగది సంగతి ఇంకా బాగుంటుంది. గుడ్డు నూనెలో, వెన్నలో అయితే గట్టిపడి కూడుకుంటుంది, అదే పాకంలో వేస్తే విడిపోతుంది. పంచదార పాకం గట్టిపడకుండా ఉండాలంటే, పుల్లటి పండు నానిన నీళ్లు కొద్దిగా చాలు. ఇవన్నీ చెప్పి, అరిస్టాటిల్ వంట చేసి ఉంటే ఇంకా ఎంతో రాసి ఉండేవాడు అంది. మీ అమ్మాయి చదివిన కెమిస్ట్రీ ఇదే కదా.

భక్తి సంగతికి వస్తాను. హువానాకు చదువులన్నిటికీ పైమెట్టు దైవశాస్త్రం. కానీ కింది మెట్లు ఎక్కకుండా పైమెట్టు ఎలా అందుతుంది అని అడిగింది. సొలొమోను కట్టిన ఆలయం కొలతలు అర్థం కావాలంటే కట్టడాల శాస్త్రం తెలియాలి. సొదొమ కోసం అబ్రాహాము దేవుణ్ణి బతిమాలుతూ యాభై మంది నుంచి పది మందికి దిగాడే, ఆ సంఖ్యల పొందిక వెనుక సంగీత శాస్త్రం ఉందంది. ఇక ఆమె రాసినదాంట్లో నేను నా ప్రార్థన పుస్తకంలో రాసి పెట్టుకున్న భావం ఒకటుంది. సృష్టిలో ఉన్న గీతలన్నీ దేవుని నుంచే బయలుదేరి దేవుని దగ్గరే ఆగుతాయి, ఆయనే కేంద్రం, ఆయనే పరిధి. అలాంటప్పుడు ఒక శాస్త్రం చదివితే దేవునికి దూరం ఎలా జరుగుతాం? తాను ఎక్కువ తెలుసుకోవాలని కాదు, తన అజ్ఞానం కాస్తయినా తగ్గుతుందేమోనని చదువుతున్నానంది. మాకు నవసన్యాసంలో, అంటే మఠంలో మొదటి శిక్షణ కాలంలో నేర్పిన వినయం అంటే అదే.

మరియమాత మంగళవార్త పండుగకు ముందు తొమ్మిది రోజుల ప్రార్థనలు కూడా ఆమె రాసింది. వాటిలో వెలుగు, ఆకాశం, నీళ్లు, నక్షత్రాలు ఇలా సృష్టి దినాల వరుసలో ధ్యానం సాగుతుంది. చదువుల తల్లి అని మనం అనే మాట మరియమాతకు ఆమె నిజంగానే ఆపాదించింది.

చివరి రోజుల గురించి నాకు తెలిసింది రెండు మాటలు. పుస్తకాలు పోయాయి, నిజమే. పేదల కోసం ఆమె మనసారా ఇచ్చిందని నేను నమ్ముతాను. 1695లో మఠంలో అంటురోగం వస్తే తోటి సిస్టర్లకు సేవ చేస్తూ తానూ ఆ రోగంతోనే ఏప్రిల్ 17న మరణించింది.

మిఠాయి పని, నెల్లూరు:

నేను క్రైస్తవుణ్ణి కాను, పెద్ద చదువులూ లేవు. పెళ్లిళ్లకు మిఠాయి చేసే పని. సిస్టర్ గారు రాసిన పాకం మాట చూసి ఆగలేకపోయాను. మూడు వందల ఏళ్ల కిందట అంత దూరాన ఉన్న అమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాజాలకు పాకం పెట్టినప్పుడు నిమ్మరసం నాలుగు చుక్కలు వేయకపోతే తెల్లారేసరికి గిన్నె అంచున పంచదార పలుకులు కడుతుంది. మా నాన్న వేయమంటే వేసేవాణ్ణి. ఎందుకు అని ఏనాడూ అడగలేదు. అందుకు కారణం ఏమిటో ఆ అమ్మాయి చదివింది కాబట్టి చెప్పగలదా?

మూలాపేట చరిత్ర మాస్టారు:

సిస్టర్ గారు చాలా చక్కగా రాశారు. చివరి పేరాతో మాత్రం నాకు పేచీ ఉంది. ప్రసంగంలో చెప్పిన "పశ్చాత్తాపం" కథ అక్కడి నుంచే పుడుతుంది కాబట్టి కొంచెం విడమరచాలి.

పోర్చుగీసు జెస్విటు గురువు అంతోనియో వియెయిరా ఎప్పుడో చేసిన ఒక ప్రసంగాన్ని హువానా తర్కంతో ఖండించింది. క్రీస్తు మనకు చేసిన అన్నిటికంటే గొప్ప మేలు ఏది అన్నది అక్కడ చర్చ. చివర్లో ఆమె తన సొంత మాట ఒకటి చేర్చింది: మనం కృతజ్ఞత తప్పుతామని తెలిసి దేవుడు కొన్ని మేళ్లు ఇవ్వకుండా ఆపడమే ఆయన చేసే గొప్ప మేలు. ఆ రాతను మెక్సికోలోని ప్యూబ్లా మేత్రాణులు (బిషప్) మాన్యుయెల్ ఫెర్నాండెజ్ దె సాంతా క్రూస్ ఆమెకు తెలియకుండా 1690లో అచ్చు వేయించారు. దానికి ముందు 'సోర్ ఫిలోతెయా' అని ఆడపేరు పెట్టుకుని, లౌకిక విద్యలు తగ్గించి పవిత్ర గ్రంథం మీద దృష్టి పెట్టమని సలహా ఉత్తరం జత చేశారు. మెచ్చుకోలూ ఉంది, మందలింపూ ఉంది. సిస్టర్ గారు చెప్పిన పెద్ద ఉత్తరం 1691లో దానికి రాసిన జవాబు.

ఆ జవాబులో ఆడవాళ్ల విద్య గురించిన భాగాన్ని సిస్టర్ గారు వదిలేశారు. నా దృష్టిలో అదే గుండెకాయ. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న పునీత పౌలు మాటను అందరూ ఆమె మీద విసిరేవారు. ప్రసంగం జరిగేటప్పుడు గుసగుసలాడేవారి గురించిన మాట అది, ఇంట్లో చదవడాన్ని, రాయడాన్ని, నేర్పడాన్ని ఆపే మాట కాదు అని ఆమె చెప్పింది. ఆపైన, తెలివి లేనివాడికి చదువు కత్తి లాంటిది, అది ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ వర్తిస్తుంది అంది. పెద్ద వయసు వచ్చిన విదుషీమణులు లేకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతోందో చెప్పింది. తండ్రులు తమ కూతుళ్లకు మగ గురువులను పెడితే ఏ అపాయం వస్తుందోనని భయపడి, చదువే మాన్పించి అజ్ఞానంలో వదిలేస్తున్నారు. అదే చదువుకున్న పెద్దావిడలు ఉంటే తరతరానికీ విద్య అందుతుంది కదా అని వాదించింది. దీనికి జెరోముగారు లయెతా అనే తల్లికి రాసిన ఉత్తరాన్ని సాక్ష్యంగా తెచ్చింది. పాప ఆడుకోవడానికి చెక్కతోనో దంతంతోనో అక్షరాలు చేయించి ఇవ్వమని అందులో ఉంటుంది. తాను ఉన్నది జెరోము మఠంలో! అంతకంటే గట్టి సాక్షి దొరకడు.

ఇక చివరి రోజులు. 1692లో మెక్సికో నగరంలో తిండిగింజల కరువు, అల్లర్లు. ఆర్చిబిషప్ అగియార్ ఇ సెయిహాస్‌కు ఇలాంటి చదువు నచ్చదు. 1694లో ఆమె తన రక్తంతో సంతకం పెట్టి మాటపట్టును కొత్తగా చేసింది. పుస్తకాలు, పరికరాలు అమ్ముడయ్యాయి, డబ్బు పేదలకు పోయింది. ఆమె మనసారా చేసిందా, చుట్టూ ఉన్న ఒత్తిడికి తలవంచిందా అని పండితులు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. 1980లో మాంటెర్రే నగరంలో ఆమె పాత ఉత్తరం ఒకటి బయటపడింది. తన చదువును నలుగురిలో నిందించిన పాపోచ్చారణ గురువుకు (పాపాలు చెప్పుకునే గురువుకు) ఆమె రాసింది అది. ఇకమీదట తనకు వేరే గురువును చూసుకుంటానని అందులో నేరుగా చెప్పింది. అంత నిటారుగా మాట్లాడిన మనిషి పదేళ్లకు చదువు పాపమని తేల్చుకుందంటే నేను నమ్మలేను. చదువు తప్పు అని ఆ 1691 ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇంకొక సంగతి దాచకూడదు. ఆ మఠంలో పనివాళ్లు, బానిసలు ఉండేవారు. హువానాకు కూడా తల్లి ఒక బానిస యువతిని ఇచ్చింది. ఆమె చదువుకు దొరికిన తీరిక వెనుక ఆ చాకిరీ ఉంది. ఆమెను గౌరవించేవాళ్లమే ఈ మాట చెప్పాలి.

మన జిల్లాలో ఆడపిల్లల చదువు మాట అనుకున్నప్పుడల్లా నాకు పొణకా కనకమ్మ గారు గుర్తుకు వస్తారు. చిన్ననాడే పెళ్లయి, బడికి పోకుండా ఇంట్లోనే చదువుకున్న మనిషి. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. మా అమ్మ అక్కడే చదువుకుంది. పెద్దావిడలు చిన్నపిల్లలకు నేర్పాలని హువానా ఉత్తరంలో అడిగింది అదే.

ఒంగోలు సిస్టర్:

మాస్టారు గారూ, ఒత్తిడి లేదని నేను అనను. మఠంలో ఉన్నవాళ్లకు ఒక సంగతి తెలుసు. పైనుంచి వచ్చిన ఆజ్ఞను మొదట బాధతో మోసి, తర్వాత దాన్ని తన కానుకగా మార్చుకోవడం సాధ్యమే. హువానా అలా చేసిందేమో. ఆ పుస్తకాల డబ్బుతో ఆ కరువులో ఎవరో ఒకరు తిని ఉంటారు. అయినా "పశ్చాత్తాపపడ్డాకే శాంతి" అన్న మాట తప్పు. ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆమెకు శాంతి దొరికిందో లేదో చెప్పగలిగే కాగితం ఏదీ లేదు.

మిఠాయి అన్నగారూ, పులుపు తగిలితే పంచదార విడిపోయి రెండు రకాల చక్కెరలవుతుంది. అవి మధ్యలో ఉంటే పంచదార పలుకులుగా కట్టలేదు.

కందుకూరు పంతులమ్మ:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకుని ఆదివారం పూజ అయ్యాక మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. నారుమళ్ల పని నడుస్తోంది, మరిది సాయంత్రం గానీ రాలేదు. వరండాలో కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. గంట పట్టింది. మధ్యలో అడ్డు రాలేదు.

మదర్ గారు వద్దన్నప్పుడు మూడు నెలలు పుస్తకం ముట్టలేదన్న చోట, "అంటే ఎదురు తిరగలేదన్నమాట" అన్నాడు. ఆ తర్వాత దేవుడు ఇవ్వకుండా ఆపిన మేలు అన్న దగ్గర మళ్లీ చదవమన్నాడు. ఇక్కడ నాకు భయం వేసింది. సీటు వదులుకోవడమే దేవుడు చేసిన మేలు అంటాడేమోనని. ఆయన వేరే మాట అన్నాడు. "ఆకు పక్వానికి వచ్చాక వాన పడితే జిగురంతా కడుక్కుపోతుంది వదినా. ఆ పది రోజులు వాన రాకపోతే చాలని నేను మొక్కుకుంటాను. ఆ అమ్మ చెప్పింది అదే." ఆమె ఆ మాట దేవుని గురించి రాసింది గానీ తండ్రుల గురించి కాదని నేను నెమ్మదిగా చెప్పాను. ఏమీ అనలేదు.

పుస్తకాలు వదిలిన సంగతి మాస్టారు గారు రాసినట్టే చదివాను. సిస్టర్ గారి మాటా కలిపాను. నాకేది నచ్చిందో చెప్పలేదు. కాసేపయ్యాక ఆయనే అడిగాడు, "అంత చదువుకున్న అమ్మ మఠంలో ఏ పని చేసేది?" అని. మఠం లెక్కలు, దస్తావేజులు చాలా ఏళ్లు ఆమే చూసిందని నేను వేరే చోట చదివాను. అదే చెప్పాను. లోపలికి వెళ్లి పొగాకు వేలం కాగితాల సంచి తెచ్చి పిల్ల ముందు పెట్టాడు. "ఈ ఏటి లెక్క తేలలేదు, చూసి పెట్టు" అన్నాడు. అది ఒప్పుకోవడమో కాదో మా చెల్లెలికీ తెలియదు, నాకూ తెలియదు. పిల్ల రాత్రి పదకొండు దాకా కూర్చుని తేల్చింది. ఒక బేలు తూకం రెండుసార్లు రాసి ఉందట.

ఫీజు కట్టడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. సిస్టర్ గారూ, శనివారం మీరు ఒంగోలులో ఉంటే మరిదినీ పిల్లనూ తీసుకుని వస్తాను. మఠంలో ఉంటూ పై చదువు చదివిన సిస్టర్‌ను ఒక్కరినైనా ఎదురుగా చూడాలని ఆయనే అన్నాడు. సింగరాయకొండలో పొద్దున రైలు ఎక్కితే పదింటికల్లా అక్కడ ఉంటాం.